తెలుగు అంకెల గడియారం: ఎల్‌ఈడీ చుక్కలు కనపడకుండా చేసే పని

సంక్రాంతి సందడి అయ్యాక

ముందు చేస్తున్నదేంటో చెప్పేస్తా. గోడ గడియారం. అంకెలు మాత్రం 1, 2, 3 కాదు, ౧, ౨, ౩. మా తాత నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో పప్పుల వ్యాపారం చేసిన రోజుల చిట్టా పుస్తకాలు ఇంకా అటక మీదే ఉన్నాయి, లెక్కలన్నీ తెలుగు అంకెల్లోనే. అవ్వకి అవి కొట్టిన పిండి, ఇంట్లో మిగతా వాళ్ళం ౪ కనపడితే ఇది ఏ అక్షరం అని ఆలోచిస్తాం. ఆమెకి చూపు తగ్గింది, రాత్రిపూట మెలకువ వస్తే టైమెంతయిందని నాన్నని లేపుతుంది. సరే, పెద్ద అంకెలు, చీకట్లో కూడా కనపడేవి, ఆమెకి అలవాటైనవి చేద్దామని మొదలుపెట్టా.

సెవెన్ సెగ్మెంట్ దీనికి పనికిరాదు. ఇంగ్లీషు అంకెల్ని ఏడు గీతల్లో ఇరికించొచ్చు గానీ ౫, ౬, ౭ అన్నీ మెలికలే. అందుకని మ్యాట్రిక్స్, అంటే ఎల్‌ఈడీలు గళ్ళు గళ్ళుగా పేర్చిన ప్యానల్. చెన్నై వెళ్ళినప్పుడు రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో 16×16 డబ్ల్యూఎస్2812బీ (ఒక్కో ఎల్‌ఈడీ రంగూ విడిగా మార్చగలిగే రకం) ప్యానళ్ళు రెండు తెచ్చా, వంగే రకం, ఒక్కోటి 16 సెంటీమీటర్ల చదరం. పక్కపక్కన పెడితే 32 నిలువు వరసలు, 16 అడ్డ వరసలు, మొత్తం 512 ఎల్‌ఈడీలు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 10 మిల్లీమీటర్లు. ఈ 10 అనే అంకె గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దాని చుట్టూనే.

కరెంటు సంగతి త్వరగా చెప్పి వదిలేస్తా. ఒక్కో ఎల్‌ఈడీ ఫుల్ తెలుపులో 60 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది, అంటే 512 కి 30 ఆంపియర్ల పైమాట. గడియారంలో ఒకేసారి వెలిగేవి వందలోపే, అదీ సన్నగా, కాబట్టి 5 వోల్టులు 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (పవరు సప్లై డబ్బా) పెట్టి, ఎల్‌ఈడీలని నడిపే ఫాస్ట్‌ఎల్‌ఈడీ అనే కోడ్ లైబ్రరీలో కరెంటు ఇంతకి మించొద్దని కట్టడి చేసేశా. గడియారాన్ని నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3 వోల్టుల సిగ్నల్, ప్యానల్ అడిగేది 5, మధ్యలో దాన్ని పెంచే 74ఏహెచ్‌సీటీ125 చిప్పు. ప్యానల్‌కి రెండు వైపుల నుంచీ పవరు ఇవ్వాలి, లేకపోతే చివరి వరసలు ఎర్రబారతాయి. ఇంతే.

అంకెల బొమ్మలు గళ్ళ నోటు పుస్తకంలో పెన్సిలుతో గీశా, ఎనిమిది గళ్ళ వెడల్పు, పద్నాలుగు గళ్ళ ఎత్తు. వెలిగించి హాల్లో నిలబెడితే అవ్వ చెయ్యి అడ్డం పెట్టుకుని "ఏంది అబ్బయా, కళ్ళల్లో సూదులు గుచ్చినట్టుండాది, ఇందులో అంకె యాడుండాది?" అంది. నిజమే, రెండు గజాల దూరంలో ఉన్న మనిషికి చుక్కలే తప్ప అంకె కనపడదు. వీధి చివరికెళ్ళి చూస్తే అద్భుతంగా ఉంది.

ఇంట్లో దొరికినవన్నీ

మొదట ఇంట్లో దొరికిందల్లా ప్యానల్ మీద పరిచి చూశా. ఏ4 కాగితం ఒకటి పెడితే చుక్క మెత్తబడింది గానీ పోలేదు, రెండు పెడితే బాగానే పరుచుకుంది కానీ వెలుతురు కాస్త పసుపుపచ్చకి తిరిగింది, పైగా కాగితం నార గుజ్జు మచ్చలు మచ్చలుగా బయటపడింది. వెనక లైటు పడేసరికి ప్రతి కాగితం తన లోపలి సంగతంతా చెప్పేస్తుంది. బటర్ పేపర్ ఇంకా బాగుంది. ట్రేసింగ్ పేపర్ అన్నిటికంటే అందంగా ఉంది, సమంగా, రంగు మారకుండా, ఇంక వెతకడం ఎందుకు అనిపించింది. తెల్లారి చూస్తే అలలు అలలుగా ఉబ్బి ఉంది. జనవరి మంచు, కిటికీ పక్కన టేబులు, కాగితానికి ఆ తేమ చాలు. మన దగ్గర కార్తీక మాసం వానల్లో ఇంకేమవుతుందో ఊహించుకోవచ్చు. కాగితం ప్రయోగానికి బంగారం, గోడ మీద కాపురానికి కాదు.

ప్లాస్టిక్ ఫైలు కవర్లు, ఆ మసక తెలుపు రంగువి, అవి పాలీప్రొపిలీన్. తేమకి ఏమీ కాదు, చవక, కానీ వెలుతురు సూటిగా దూసుకొస్తుంది, రెండు మూడు పొరలు వేస్తే గానీ దారికి రాదు. ఒకటి గమనించా: మూడు పొరలు అంటించి పెట్టడం కంటే, రెండే పొరలు మధ్యలో నాలుగైదు మిల్లీమీటర్ల ఖాళీ వదిలి పెడితే ఎక్కువ పని చేస్తాయి. మొదటి పొర చెదరగొట్టిన వెలుతురు ఆ ఖాళీలో ఇంకాస్త విచ్చుకుని రెండోదాని మీద పడుతుంది.

థర్మోకోల్ పలచ షీటు చాలామంది వాడతారు, చాలా బాగా చెదరగొడుతుంది కూడా, నేను మాత్రం పెట్టను. రోజంతా కరెంటులో ఉండే పెట్టె లోపల, అంత తేలిగ్గా అంటుకునే వస్తువు పెట్టి నిద్రపోలేను.

షాపులో షీటు ఎలా చూడాలి

ట్రంకు రోడ్డు పక్క సందులో సైన్ బోర్డులు చేసే షాపు ఒకటి ఉంది. "ఏందన్నా, బోర్డుకా, సీలింగ్‌కా?" అని అడిగాడు ఆ అబ్బాయి. గడియారానికి అంటే ఒక చూపు చూసి, వెనక గదిలో తుక్కు ముక్కల డబ్బా ఉంది వెతుక్కోమన్నాడు. ఆ డబ్బా నాకు నిధే.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. షాపులో "మసక షీటు ఇవ్వన్నా" అంటే రెండు వేరు వేరు జాతుల్లో ఏదైనా చేతికొస్తుంది. ఒకటి ఫ్రాస్టెడ్: లోపల తేటగానే ఉండి పై పొర మాత్రం గరుకుగా ఉండేది. బాత్రూం కిటికీ అద్దం, ఇసుక కొట్టించిన గ్లాసు, అద్దానికి అంటించే ఫ్రాస్టెడ్ స్టిక్కర్, అన్నీ ఈ జాతే. రెండోది ఓపల్, బోర్డులవాళ్ళు మిల్కీ వైట్ అంటారు: షీటు మందం అంతటా సన్నటి తెల్ల రేణువులు కలిసి ఉండేది. ఫ్రాస్టెడ్‌లో వెలుతురు ఒక్కసారి చెదిరి బయటికొచ్చేస్తుంది. ఓపల్‌లో రేణువు నుంచి రేణువుకి తగులుకుంటూ, ఎటు బయల్దేరిందో మర్చిపోయాక బయటపడుతుంది. అందుకే ఓపల్ ఎక్కువ వెలుతురు తినేస్తుంది, చుక్కనీ బాగా తినేస్తుంది.

షాపులో చూడటానికి ఫోను టార్చి చాలు. షీటు వెనక ఒక జానెడు దూరంలో టార్చి పట్టుకుని ముందు నుంచి చూడండి. గుండ్రటి మెత్తని మెరుపు మధ్యలో ఇంకా సూది మొనంత గట్టి చుక్క కనపడుతుంటే, కొంత వెలుతురు అసలు చెదరకుండా సూటిగా వచ్చేస్తోందన్నమాట. ఆ చుక్క ఉన్న షీటుని ఎంత దూరం జరిపినా లాభం ఉండదు. చుక్క పూర్తిగా కరిగిపోయి మెరుపు ఒక్కటే మిగిలితే ఆ షీటు మన పనికొస్తుంది, మిగతాది దూరం చూసుకుంటుంది. వెనక లైటు పెట్టే బోర్డులకి వాడే బ్యాక్‌లిట్ ఫ్లెక్స్ ముక్క ఈ పరీక్షలో నెగ్గింది, అదీ ఆశ్చర్యమే, కానీ నేత గళ్ళు దగ్గర్నుంచి కనపడతాయి, బిగించి లాగకపోతే ముడతలు. పెద్ద బోర్డుకి సరే.

తుక్కులో దొరికిన 3 మిల్లీమీటర్ల తేట అక్రిలిక్‌ని 320 నంబరు ఉప్పు కాగితంతో నేనే గరుకు చేసి చూశా, నీళ్ళు చల్లుకుంటూ, గుండ్రంగా రుద్దుతూ. రుద్దుతున్నంతసేపూ తేటగానే కనపడుతుంది, తడి ఆరిన క్షణం తెల్లగా మారుతుంది. గరుకు గుంతల్లో నీళ్ళు నిండితే వెలుతురుకి అక్కడ గుంత ఉన్నట్టే తెలీదు, వెలుతురుని ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం అక్రిలిక్‌కి 1.49, నీళ్ళది 1.33, గాలి కంటే అది చాలా దగ్గర. వడ కాగితం మీద నూనె మరక వెలుతురికి పెడితే తేటగా కనపడేది కూడా ఇందుకే, నారల మధ్య గాలి ఉన్న చోట నూనె చేరింది. దీంతో వచ్చే తలనొప్పి ఏంటంటే, గరుకు వైపు వేలు పెడితే చాలు, చేతి జిడ్డు అంటి అక్కడొక మెరిసే మచ్చ పడుతుంది. అందుకని ఫ్రాస్టెడ్ ఏది వాడినా గరుకు వైపు లోపలికి, నున్నటి వైపు బయటికి.

దూరం లెక్క

తోలుబొమ్మలాట చూసినవాళ్ళకి ఇది చెప్పకుండానే తెలుసు. బొమ్మని తెరకి ఆనించి ఆడిస్తే చెవి పోగు దాకా స్పష్టంగా ఉంటుంది, ఒక మూర వెనక్కి తీస్తే చెదిరిపోయి పెద్దదవుతుంది. తెర అదే, దీపం అదే, మారింది దూరం ఒక్కటే. నేను అన్ని రకాల షీట్లు పోగేశాక తేలింది కూడా అదే: ఏ షీటు కొన్నానన్నదాని కంటే దాన్ని ఎల్‌ఈడీకి ఎంత ఎత్తులో పెట్టానన్నదే ఎక్కువ పని చేస్తుంది.

లెక్క కట్టి చూశా. ఎల్‌ఈడీ వెలుతురు నాలుగు వైపులా ఎలా పడుతుందో దాని ప్రకారం, ఒక వరస ఎల్‌ఈడీల మీద షీటు పెడితే, ఎల్‌ఈడీకి సరిగ్గా పైనా, రెండు ఎల్‌ఈడీలకి మధ్యనా పడే వెలుతురు ఎంత తేడా ఉంటుందని. షీటు ఎత్తు ఎల్‌ఈడీల మధ్య దూరంలో సగం అయితే, అంటే నా ప్యానల్‌కి 5 మిల్లీమీటర్లయితే, మధ్యలో వెలుతురు సగానికి పడిపోతుంది. ఎత్తు 7 కి పెంచితే మధ్యలో తగ్గేది నాలుగో వంతు. 10 కి, అంటే ఎల్‌ఈడీల మధ్య ఎంతుందో అంతే ఎత్తుకి పెంచితే తేడా ఐదారు శాతమే, కంటికి ఆనదు. అంకెలో గీత అంటే ఒక వరస ఎల్‌ఈడీలే కాబట్టి ఈ లెక్క నాకు సరిపోయింది.

కాబట్టి మీటరుకి 60 ఎల్‌ఈడీల స్ట్రిప్ అయితే మధ్య దూరం 16.7 మిల్లీమీటర్లు, కనీసం అంత లోతు పెట్టె కావాలి. 30 ఎల్‌ఈడీలదైతే 33, చాలా లావు పెట్టె. 144 ఎల్‌ఈడీలదైతే 7 చాలు. స్ట్రిప్ కొనేముందే పెట్టె ఎంత లోతు ఉండొచ్చో తేల్చుకుంటే డబ్బు మిగులుతుంది, చాలామంది చవకని 30 ది కొని, తర్వాత షీటు మీద షీటు వేసి వెలుతురంతా చంపుకుంటారు.

కొలవడానికి 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డు పట్టీలు కోసి, ఒకదాని మీద ఒకటి పేరుస్తూ వెళ్ళా. సన్‌బోర్డు కత్తితోనే కొయ్యండి. అది పీవీసీ, లేజర్ కటింగ్‌కి ఇస్తే హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది, ఊపిరితిత్తులకీ మంచిది కాదు, మిషన్‌కీ కాదు. బుద్ధున్న కటింగ్ షాపు వాళ్ళు తీసుకోరు కూడా. అక్రిలిక్‌కి ఆ గొడవ లేదు.

3 మిల్లీమీటర్ల ఎత్తులో చుక్కలు చుక్కలుగానే ఉన్నాయి. 6 దగ్గర పూసల దండలా. 9 దగ్గర ౩ మెలిక చేత్తో రాసినంత నున్నగా వచ్చింది, ఇంట్లో అందర్నీ పిలిచి చూపించా. ఇంకొంచెం ఎత్తితే ఇంకా నున్నగా వస్తుందని 12 కీ, 15 కీ వెళితే అసలు సమస్య అక్కడ మొదలైంది. ౧ కి కింద వైపు ఒక ఖాళీ ఉంటుంది కదా, రెండు పక్కల నుంచి వెలుతురు వచ్చి ఆ ఖాళీ పూడిపోయింది. ౧ కాస్తా ౦ అయిపోయింది. అవ్వ మంచం మీద నుంచి పదకొండుని సున్నా సున్నా అని చదివింది, అంటే ఆమెకి అర్ధరాత్రి.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి. పిక్సెల్ గడియారాలు చేసేవాళ్ళంతా గళ్ళ ఫ్రేము పెడతారు, ప్రతి ఎల్‌ఈడీకీ నాలుగు గోడలు కట్టి, పైన షీటు ఆనించి, ఒక్కో చుక్కని ఒక్కో చదరంగా మారుస్తారు. ఇంగ్లీషు అంకెలకి అది చాలా బాగుంటుంది, నిలువు గీతలు, అడ్డ గీతలు, చదరాలు పేర్చినట్టు. తెలుగు అంకెలకి నేను దాన్ని పెట్టను. 8×14 చదరాల్లో ౬ రాస్తే మెట్లు మెట్లుగా, ఇటుకలు పేర్చినట్టు ఉంటుంది. గోడలు తీసేసి వెలుతురుని పక్క గడిలోకి కాస్త ఒలకనిస్తే మెట్ల అంచులు వాటంతటవే కరిగి వంపు అవుతుంది. మన అక్షరాల గుండ్రనికి కొంత మసక కలిసొస్తుంది, దాన్ని ఎంత దగ్గర ఆపాలన్నదే చూసుకోవాలి. నాకు 9 దగ్గర ఆగింది. ౧ ఖాళీని కూడా నోటు పుస్తకంలో ఒక గడి పెంచి గీశా.

టీవీ మెకానిక్ దగ్గర దొరికిన నిధి

దర్గామిట్ట వైపు ఒక టీవీ రిపేరు షాపు ఉంది, అక్కడి భాయ్‌కి పగిలిన టీవీలు గుట్టగా పడి ఉంటాయి. పగిలేది ముందు గాజు ప్యానలే, దాని వెనకున్న వెలుతురు షీట్లు చెక్కుచెదరవు. "ఏంటి భాయ్, ఇవి పారేస్తారా" అంటే "తీసుకుపో సామీ, స్థలం ఖాళీ అవుతుంది" అన్నాడు.

పాత మానిటర్ విప్పితే లోపల వరసగా ఉంటాయి: అన్నిటికంటే వెనక తెల్లటి ప్రతిఫలన షీటు, దాని ముందు మందపాటి తేట అక్రిలిక్ పలక, దాని మీద సన్నటి చుక్కలు ముద్రించి ఉంటాయి, అంచున ఉన్న లైటుకి దగ్గర పలచగా, దూరం పోయే కొద్దీ దట్టంగా. అంచు నుంచి దూరిన వెలుతురు ఆ చుక్కలకి తగిలి ముందుకి వస్తుంది, దూరంలో వెలుతురు తక్కువ కాబట్టి చుక్కలు ఎక్కువ. దాన్ని గోళ్ళతో తడుముతూ చాలాసేపు చూశా, అంత ముచ్చటగా ఉంది. దాని ముందు డిఫ్యూజర్ (వెలుతురు చెదరగొట్టే) ఫిల్ము, ప్రిజం ఫిల్ము ఒకటో రెండో. ప్రిజం ఫిల్ముని నా ప్యానల్ మీద పెడితే ప్రతి చుక్కా రెండుగా చీలింది! దాని పని వెలుతురుని ఎదురుగా మళ్ళించడం, చెదరగొట్టడం కాదు, నాకు పనికిరాదు. పాత మానిటర్లలో ఎల్‌ఈడీ బదులు సన్నటి సీసీఎఫ్‌ఎల్ గాజు గొట్టాలుంటాయి, వాటిల్లో పాదరసం ఉంటుంది, విరగ్గొట్టకుండా తీసి పక్కన పెట్టాలి.

అసలు సరుకు మాత్రం ఎల్‌ఈడీ టీవీల్లో దొరికింది. వెనక నుంచి వెలిగే రకం టీవీల్లో ఒక దళసరి తెల్ల ప్లేటు ఉంటుంది. ఎల్‌ఈడీలు దూరం దూరంగా పెట్టి, వాటి చుక్కలు కనపడకూడదనే దాన్ని తయారు చేశారు, అంటే నా సమస్యే వాళ్ళ సమస్య కూడా. టార్చి పరీక్షలో చుక్క పూర్తిగా మాయం, అయినా మిల్కీ అక్రిలిక్ కంటే వెలుతురు ఎక్కువ బయటికొస్తోంది. 32 అంగుళాల టీవీ ప్లేటు ఒక్కటి చాలు, నాకు రెండు గడియారాలకి సరిపోను మిగిలింది.

ఒకటే జాగ్రత్త, ఈ ప్లేట్లలో చాలావాటికి పాలీస్టైరీన్ వాడతారు. కొన్నేళ్ళ ఎండకి పచ్చబడుతుంది, నెయిల్ పాలిష్ రిమూవర్ తగిలితే కరిగిపోతుంది. ఎండ విషయంలో అక్రిలిక్ నయం. ఫెవిక్విక్ కూడా దగ్గరికి రానివ్వొద్దు, దాని ఆవిరి చుట్టూ తెల్లటి బూడిదలా పేరుకుంటుంది. నేను రెండు వైపుల టేపు వాడా.

పక్కదారి: మైకా, వెంకటగిరి చీర

ఎవరో ఒకరు అడుగుతారని ఇదీ చేసి చూశా. సైదాపురంలో మా బావ వాళ్ళ పొలం గట్టు తవ్వితే మైకా పలుకులు ఇప్పటికీ తళతళమంటాయి, గూడూరు చుట్టుపక్కల పెరిగినవాళ్ళకి కొత్త కాదు. అరచేతంత బిళ్ళ ఒకటి తెచ్చి కత్తి మొనతో పొరలు విడదీశా. మంచి పొర గాజు కంటే తేటగా ఉంది, లేత ఆకుపచ్చ రంగు జీర, అంటే చుక్కని చెదరగొట్టడంలో సున్నా. పొరల మధ్య గాలి దూరిన పగుళ్ళ దగ్గర మాత్రం వెండి మెరుపు. డిఫ్యూజర్‌గా కాదు గానీ, తెల్ల షీటు ముందు పెట్టి చిన్న బెడ్ లైటు చేస్తే మాత్రం భలే ఉంటుంది. పాతకాలం మైకా దీపపు తొడుగులు ఒట్టి పలక కాదు, పలుకుల్ని లక్కతో అతికించి చేసేవాళ్ళు, ఆ అతుకులే వెలుతురుని విరగ్గొడతాయి.

అవ్వ పాత తెల్ల వెంకటగిరి చీర ముక్క కూడా పెట్టా. సన్న నూలు కాబట్టి పోగుల మధ్య సందుల్లోంచి వెలుతురు సూటిగా వచ్చేసి, ప్రతి ఎల్‌ఈడీ చుట్టూ శిలువ ఆకారంలో గీతలు పడ్డాయి. చూడ్డానికి సరదాగా ఉంది, అంకె మాత్రం గల్లంతు. అదే గుడ్డని టీవీ ప్లేటు ముందు బిగించి కట్టితే, గడియారం ఆపినప్పుడు తెల్ల ప్లాస్టిక్ కనపడకుండా నేత కనపడుతుంది. అమ్మకి ఇది నచ్చింది. అవ్వకి చీర చింపడం నచ్చలా.

ఎండలు ముదిరాక

గడియారం హాలు గోడకెక్కింది, రాత్రి బ్రహ్మాండం, మధ్యాహ్నం కిటికీ తెరిస్తే ఏమీ కనపడదు. తెల్ల షీటుకి ఇది పుట్టుకతో వచ్చిన రోగం: లోపలి వెలుతురుని ఎలా చెదరగొడుతుందో బయటి వెలుతురుని కూడా అలాగే చెదరగొట్టి మన కంట్లో వేస్తుంది, తెల్ల గోడ మీద తెల్ల సున్నంతో రాసినట్టు. ఎల్‌ఈడీ వెలుతురు పెంచుతూ పోతే కరెంటూ వేడీ పెరుగుతాయి గానీ ఎండని గెలవలేం.

దీనికి మందు నల్ల ఫిల్ము. స్మోక్ అక్రిలిక్ గానీ, కారు అద్దాలకి వేసే సన్ ఫిల్ము గానీ ప్లేటు ముందు పెడితే, లోపలి వెలుతురు ఆ ఫిల్ముని ఒక్కసారే దాటుతుంది, బయటి ఎండ లోపలికి పోయి మళ్ళీ బయటికి రావడానికి రెండుసార్లు దాటాలి. సగం వెలుతురు వదిలే ఫిల్ము అయితే అంకెకి సగం మిగులుతుంది, ఎండకి పావే. ఆపి ఉంచినప్పుడు కూడా నల్లటి పలకలా, తీరుగా ఉంటుంది. చీర ముక్క ఆలోచన దీంతో పక్కకి పోయింది, అమ్మ ఇంకా అడుగుతోంది.

వెలుతురు సగం వృథా కదా అంటారు. రాత్రిపూట అదే లాభమైంది. డబ్ల్యూఎస్2812బీ లో ఒక్కో రంగుకీ 0 నుంచి 255 దాకా మెట్లుంటాయి. పడకగదికి సరిపోయేంత సన్నగా పెట్టాలంటే రెండో మెట్టుకో మూడో మెట్టుకో దిగాలి, అక్కడ నారింజ రంగు కలపలేం, ఎరుపు 3 ఆకుపచ్చ 1 అంటే ఒక్క మెట్టు మారినా రంగే మారిపోతుంది. ముందు నల్ల ఫిల్ము ఉంటే అదే సన్నదనానికి ఎల్‌ఈడీని ఎక్కువ మెట్లలో నడపొచ్చు, రంగు నిలకడగా ఉంటుంది. రాత్రి తొమ్మిది దాటాక ఒట్టి నారింజ, అవ్వ అడిగిన రంగు.

వేడి గురించి: నెల్లూరు మే నెలలో పడమటి గోడ చెయ్యి పెడితే కాలుతుంది, దానికి తగిలించిన మూసిన పెట్టె అంటే ఆలోచించాల్సిందే. త్రీడీ ప్రింటు చేసిన పీఎల్‌ఏ ప్లాస్టిక్ ఫ్రేము 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, అందుకే అది వద్దనుకుని ప్యానళ్ళని బోర్డులవాళ్ళు వాడే ఏసీపీ (రెండు వైపులా అల్యూమినియం రేకున్న షీటు) ముక్క మీద అంటించా, వెనక పైనా కిందా వరసగా బెజ్జాలు. పాత డిజైన్‌లో కింద బెజ్జాలు లేవు, గాలి కదలక పైభాగం వేడెక్కేది. అన్నట్టు, ఈ ఎల్‌ఈడీలు ఆరిపోయి ఉన్నప్పుడు కూడా ఒక్కోటి దాదాపు ఒక మిల్లీ ఆంపియర్ లాగుతూనే ఉంటాయి, 512 కి అర ఆంపియర్. రోజంతా ఆపి ఉంచేదైతే పవరు పూర్తిగా తీసెయ్యడం మేలు.

ఇంకో చిన్న విషయం, ఫోటో తీసి చూసుకుని సరిపోయిందనుకోవద్దు. ఫోను తన ఇష్టం వచ్చినట్టు వెలుతురు సర్దేస్తుంది, కంటికి కనపడే చుక్క ఫోటోలో మాయమవుతుంది, కంటికి నున్నగా ఉన్నది ఫోటోలో పేలిపోతుంది. చీకట్లో, మామూలుగా కూర్చునే చోట కూర్చుని చూడాలి.

ఇప్పుడున్న స్థితి

వెనక ఏసీపీ, దాని మీద ప్యానళ్ళు, చుట్టూ 9 మిల్లీమీటర్ల ఎత్తు తెల్ల సన్‌బోర్డు గోడ, దాని మీద టీవీ ప్లేటు, పైన నల్ల ఫిల్ము అంటించిన తేట అక్రిలిక్. లోపలి గోడలు తెల్లగా ఉంచా, నల్లగా వేస్తే అంచు వరసలు మసకబారుతున్నాయి. ప్లేటుకీ గోడకీ మధ్య వెంట్రుక సందున్నా వెలుతురు గీత బయటపడుతుంది, అక్కడ నల్ల ఫోమ్ టేపు. మిగిలింది గంటకీ నిమిషానికీ మధ్య చుక్కలు, మెరవాలా వద్దా అని ఇంట్లో ఇంకా తేలలేదు.

ఈలోపు ఒంగోలు నుంచి పెద్దమ్మ ఫోన్. పూజ గది పటాల పైన సన్నటి వెలుతురు గీత కావాలంట, చుక్కలు కనపడకూడదంట, గడియారం ఫోటో చూసి "నాకూ ఆ తెల్ల షీటు పంపించు నాయనా" అంది. అది షీటుతో అయ్యే పని కాదు. షాపుల్లో దొరికే సన్న అల్యూమినియం చానల్‌లో షీటుకీ స్ట్రిప్‌కీ మధ్య ఏడెనిమిది మిల్లీమీటర్లే ఉంటుంది, 60 ఎల్‌ఈడీల స్ట్రిప్ వేస్తే కావాల్సిన దాంట్లో సగం కూడా లేదు, ఎంత మంచి మూత పెట్టినా పూసలే. అందుకని సీఓబీ స్ట్రిప్ చెప్పా, అందులో సన్నటి చిప్పులు మీటరుకి వందల్లో దగ్గర దగ్గరగా ఉండి పైన ఒకే పసుపు పూత ఉంటుంది, చుక్కలు మొదట్నించీ ఉండవు. ఈ రకంలో రంగులు మారవు, పూజ గదికి మారనక్కర్లేదు కూడా. వచ్చే నెల వెళ్ళినప్పుడు బిగిస్తా. ఎస్‌ఎంపీఎస్ ఎక్కడ దాచాలన్నదే సమస్య, పటాల వెనక మాత్రం వద్దని పెద్దమ్మ ముందే చెప్పేసింది.